టీవీలో విన్న 24 వారాలు మీకు వర్తించవు

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె వయసు 29. పెళ్లై నాలుగేళ్లు. 13 నెలల పాప ఉంది, సిజేరియన్ కాన్పు. అప్పట్లో రక్తం తక్కువగా ఉందన్నారు. ఆమె గ్రూపు ఓ నెగెటివ్. భర్త గల్ఫ్‌లో పనిచేస్తారు. ఎనిమిది వారాల కిందట సెలవు మీద వచ్చి మూడు వారాలుండి వెళ్లారు. కండోమ్ వాడారు గానీ ఒకసారి చిరిగింది. పాలిస్తున్నందువల్ల నెలసరి ఇంకా సరిగా మొదలు కాలేదు, అందుకే అనుమానం రాలేదు. మొన్న ఇంట్లో పరీక్ష చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. ఇప్పుడే రెండో బిడ్డ వద్దన్నది ఆమె ఆలోచన, అయితే మనసు పూర్తిగా గట్టిపడలేదు. అత్తగారు మాత్రం మనవడి కోసం ఎదురుచూస్తున్నారు. అబార్షన్ కోసం ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళితే, భర్త వచ్చి సంతకం పెట్టాలన్నారు, పనిలో పనిగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కూ ఒప్పుకోవాలన్నారు. వీధి చివర మందుల షాపులో చీటీ లేకుండానే గర్భం తీసే మాత్రల కిట్ ఇస్తామన్నారు. టీవీలో పార్లమెంటు చర్చ చూసి 24 వారాల దాకా టైముంది కదా అని ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంటే, పక్కనే ఉన్న మరిది ‘కొత్త చట్టంలో అబార్షన్‌కు జైలే’ అన్నాడు. భర్త సంతకం తప్పనిసరా, నిజంగా 24 వారాల గడువుందా, కిట్ వాడొచ్చా, ఎవరికైనా తెలుస్తుందా అన్నవి ఆమె ప్రశ్నలు. భర్తకు ఇంకా చెప్పలేదు.

ముందు ఆ 24 సంగతి తేల్చుకుందాం. దాన్ని నమ్ముకుని ఆగితే మిగతా దారులన్నీ ఇరుకైపోతాయి.

1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 12 వారాల వరకు ఒక డాక్టరు, 12 నుంచి 20 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు అంగీకరించాల్సి ఉండేది. దీన్ని మార్చే బిల్లును లోక్‌సభ 2020 మార్చి 17న, రాజ్యసభ ఏడాది తర్వాత 2021 మార్చి 16న ఆమోదించాయి. 2021 సెప్టెంబరు 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 20 వారాల వరకు ఒక డాక్టరు చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ అందరికీ కాదు. అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయిన లేదా విడాకులైన స్త్రీలు, తీవ్ర వైకల్యం లేదా మానసిక వ్యాధి ఉన్నవారు, పిండంలో తీవ్ర లోపం బయటపడినవారు, ప్రభుత్వం ప్రకటించిన విపత్తుల్లో చిక్కుకున్నవారు. పెళ్లికాని స్త్రీలను ఇందులోంచి తప్పించడం కుదరదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారంగానే చూడాలని అదే తీర్పులో ఉంది. 24 దాటితే పిండంలో గణనీయమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి.

మీరు రాసినదాన్ని బట్టి ఈ జాబితాలో మీరు ఎక్కడా లేరు. కాబట్టి చట్టం మీకిచ్చిన గడువు 20 వారాలు. టీవీ చర్చల్లో 24 అనే అంకె ఒక్కటే పెద్దగా వినిపిస్తుంది, ఎవరికన్నది చెప్పేలోపు యాడ్స్ వస్తాయి. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. పాలిస్తుండటంతో నెలసరి రాక, గర్భం సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. కాన్పు తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతున్నారు. మొదట అనుమతించిన కోర్టే చివరికి, గర్భం 26 వారాలు దాటిందనీ తల్లికి తక్షణ ప్రాణాపాయం లేదనీ, పిండంలో లోపం లేదనీ కాదంది. మీకు ముందే తెలిసింది, ఆ వెసులుబాటును పోగొట్టుకోకండి.

ఇంకొక మాట. 20 వారాల లోపైనా మన చట్టం ‘అడిగితే చేయాలి’ అనదు. గర్భం కొనసాగితే స్త్రీ ప్రాణానికి ముప్పు లేదా శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని ఉంటుందని డాక్టరు మంచి ఉద్దేశంతో అభిప్రాయపడాలి. పార్లమెంటులో ఈ విషయం మీదే ఎక్కువ విమర్శ వచ్చింది. నిర్ణయం స్త్రీ చేతిలో కాకుండా డాక్టరు చేతిలో, బోర్డు చేతిలో పెట్టారని, నిపుణులే లేని జిల్లాల్లో ఆ బోర్డులు ఎలా నడుస్తాయని సభ్యులు అడిగారు. బిల్లును లోతుగా పరిశీలించేందుకు సెలెక్ట్ కమిటీకి పంపాలన్న కోరిక రాజ్యసభలో నెగ్గలేదు. ఆ విమర్శ సబబైనదే. అయినా మీ వరకు వస్తే చట్టంలో ఒక వివరణ ఉంది: ఆ స్త్రీ గానీ ఆమె భాగస్వామి గానీ వాడిన గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వస్తే, ఆ వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్ర హానిగానే పరిగణించవచ్చు. కండోమ్ చిరిగిందన్న నిజం చెప్పండి, చాలు. డాక్టరు తన అభిప్రాయ పత్రంలో రాసే కారణం అదే. 13 నెలల పాప, సిజేరియన్, ఒంటరిగా ఇల్లు నెట్టుకురావడం కూడా చెప్పండి. మీ చుట్టూ ఉన్న పరిస్థితులను డాక్టరు లెక్కలోకి తీసుకోవచ్చని చట్టమే అంటోంది.

ఇక అసలు లెక్క. ‘ఆయన వెళ్లి అయిదు వారాలైంది, అంటే అయిదు వారాల గర్భం’ అని రాశారు. డాక్టర్లు అలా లెక్కించరు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు కడతారు, అంటే కలయిక నాటికే గర్భం వయసు సుమారు రెండు వారాలన్నమాట. మీవారు వచ్చింది ఎనిమిది వారాల కిందట, వెళ్లింది అయిదు వారాల కిందట. ఆ లెక్కన మీ గర్భం ఏడు నుంచి పది వారాల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మాత్రలతో చేసే పద్ధతికి హద్దు తొమ్మిది వారాలు, అంటే 63 రోజులు. మీరు ఆ గీతకు ఇటున్నారో అటున్నారో ఊహించి చెప్పడం ఎవరి తరమూ కాదు. నెలసరి లేనప్పుడు స్కానింగ్ ఒక్కటే తేల్చగలదు. కండోమ్ చిరిగిన రోజు గుర్తుంటే ఆ తేదీ కూడా చెప్పండి.

ఈ స్కానింగ్ వారాలు కట్టడానికే కాదు. పిండం గర్భసంచిలో ఉందా, ట్యూబులో నిలిచిందా అన్నదీ దీంతోనే తెలుస్తుంది. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. పైగా రక్తస్రావం మొదలైతే ‘మాత్ర పనిచేస్తోంది’ అని మీరు ఇంట్లోనే ఉండిపోతారు, లోపల ట్యూబు పగిలి ప్రాణం మీదకు వస్తుంది. స్కానింగ్ సెంటర్లో ఫారం-ఎఫ్ మీద సంతకం తీసుకుంటారు. అది లింగ నిర్ధారణ నిషేధ చట్టం కోసం. పుట్టబోయేది ఎవరో తెలుసుకోవాలని లేదని మీరిచ్చే రాత. దానికీ అబార్షన్‌కూ సంబంధం లేదు. అత్తగారు మనవడి మీద ఆశ పెట్టుకున్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి: ఎవరైనా ‘ఎవరో చూసి, అప్పుడు ఆలోచిద్దాం’ అంటే అది నేరం. ఈ వారాల్లో స్కానింగ్‌లో అది తెలియదు కూడా. మీ నిర్ణయాన్ని ఆ మాటతో కలవనివ్వకండి.

స్కానింగ్‌తో పాటు హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు పరీక్షలు చేయించండి. కాన్పప్పుడే రక్తం తక్కువన్నారు, ఇప్పుడు పాలిస్తున్నారు. హిమోగ్లోబిన్ 8 గ్రాముల లోపుంటే మాత్రలు ఇవ్వరు. మీ నెగెటివ్ గ్రూపు సంగతి మాత్రం మీరే గుర్తుచేయాలి. మీవారిది పాజిటివ్ అయితే, ముందు ముందు వచ్చే గర్భాలకు ఇబ్బంది రాకుండా మన దగ్గర యాంటీ-డి ఇంజెక్షన్ అబార్షన్ తర్వాత 72 గంటల్లోపు వేస్తారు. మందుల షాపువాడు మీ గ్రూపు అడగడు.

షాపులో కిట్ గురించి నేరుగా చెప్తాను. మందు నకిలీదని కాదు. ఆసుపత్రిలో ఇచ్చేదీ మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలే. షాపులో దొరకనివి పైన చెప్పినవన్నీ: వారాల లెక్క, ట్యూబు అనుమానం తీర్చడం, రక్తం పరీక్ష, తేడా వస్తే వెంటనే చేర్చుకునే చోటు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కిట్ బదులు విడి మాత్రలు చేతిలో పెట్టి తోచిన మోతాదు చెప్పే షాపులూ ఉంటాయి. మీ మరిది మాటలో సగం నిజం కూడా ఇక్కడే ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 88వ సెక్షన్ గర్భస్రావం చేయడాన్ని నేరం అంటుంది, తనకు తాను చేసుకున్న స్త్రీని కూడా అందులో కలిపింది. పాత శిక్షాస్మృతిలో 312వ సెక్షన్ చెప్పిందీ ఇదే, కొత్తగా వచ్చిందేమీ కాదు. 1971 చట్టం దానికి మినహాయింపు. అర్హత ఉన్న డాక్టరు, అనుమతి ఉన్న చోట, గడువులోపు చేస్తే ఏ నేరమూ లేదు. అర్హత ఉన్న డాక్టరంటే ఎంబీబీఎస్ చదివి ఇందులో శిక్షణో అనుభవమో ఉన్నవారు. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని పిలుచుకునేవారు కాదు. అలాంటివారు చేస్తే వారికి రెండు నుంచి ఏడేళ్ల కఠిన జైలు.

ఒకవేళ ఇది చదివేసరికే కిట్ వేసుకుని ఉంటే దాచకండి. ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోయినా, జ్వరం ఒక రోజు దాటి ఉన్నా, దుర్వాసన వచ్చినా, ఒకవైపు తీవ్రమైన నొప్పితో కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయాల్సిందే.

భర్త సంతకం అక్కర్లేదు. 18 ఏళ్లు నిండిన స్త్రీ అయితే ఆమె ఒక్కరి సమ్మతే చట్టం అడుగుతుంది. ఆ పత్రం పేరు ఫారం-సి. మైనరైతేనో, మానసిక వ్యాధి ఉంటేనో సంరక్షకుల సంతకం కావాలి. కుటుంబం ఒప్పుకోవాలని, ఇంకేవో కాగితాలు తేవాలని చట్టంలో లేని షరతులు పెట్టకూడదని 2022 తీర్పు స్పష్టంగానే చెప్పింది. నర్సింగ్‌హోమ్‌లు ఎందుకు అడుగుతాయంటే, రేపు ఇంటివాళ్లు వచ్చి గొడవ చేస్తారన్న భయం. అర్థం చేసుకోదగ్గ భయమే, కానీ దాని భారం మీ మీద వేయడం న్యాయం కాదు. మత్తు ఇస్తే తోడుగా ఒక పెద్దమనిషి ఉండాలని అడగడం మాత్రం వేరు, అది మీ క్షేమం కోసం. అక్కయ్యో స్నేహితురాలో ఎవరైనా సరిపోతారు. ఆపరేషన్ షరతు ఇంకా అన్యాయం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవడం పూర్తిగా మీ ఇష్టం, అబార్షన్‌కు అది ఎప్పుడూ షరతు కాకూడదు. ఆ నర్సింగ్‌హోమ్‌కు మళ్లీ వెళ్లకండి. ప్రభుత్వ ఆసుపత్రికి విడిగా అనుమతి అవసరం లేదు. ప్రైవేటైతే ఈ సేవకు ఇచ్చిన అనుమతి పత్రం, ఫారం-బి, గోడ మీద అందరికీ కనబడేలా ఉండాలి, అది చూసి కూర్చోండి.

స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చాక మీ ముందు ఉండే దారులు ఇవి.

తొమ్మిది వారాల లోపని తేలితే మాత్రలు. మొదటి మాత్ర ఆసుపత్రిలో, 24 నుంచి 48 గంటల తర్వాత రెండో రకం. రెండోది వేసుకున్న కొన్ని గంటల్లో గట్టి నొప్పి, నెలసరి కంటే ఎక్కువ రక్తస్రావం ఉంటాయి. తర్వాత ఒకటి రెండు వారాలు తగ్గుతూ సాగుతుంది. సుమారు పదిహేనో రోజున మళ్లీ చూపించుకోవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ చూపించుకోవడాన్నే. కొద్దిమందిలో పూర్తిగా కాకుండా మిగిలిపోతుంది, అరుదుగా గర్భం కొనసాగుతుంది కూడా. అలా కొనసాగితే ‘సరే, ఉంచుకుందాం’ అనుకోవడం మంచిది కాదు, ఆ మందు బిడ్డలో లోపాలు తేగలదు. అందుకే మొదటి మాత్ర మింగేముందే మనసు తేల్చుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. పాపను ఎత్తుకుంటూ, అత్తగారి కళ్లముందు ఆ నొప్పి రోజును దాచడం తేలిక కాదు. ఆ రోజు పుట్టింట్లోనో, తెలిసినవారింట్లోనో గడిపేలా చూసుకోండి.

తొమ్మిది దాటి పన్నెండులోపైతే సక్షన్, అంటే సన్నని గొట్టంతో పీల్చి తీసే పద్ధతి. మాత్రల గడువులో ఉన్నవారూ దీన్ని ఎంచుకోవచ్చు. చేయడానికి పావుగంట లోపే పడుతుంది, కొన్ని గంటలుంచి అదే రోజు పంపిస్తారు. మీ పరిస్థితికి నాకు ఇదే నయమనిపిస్తోంది: ఒక్క రోజుతో అవుతుంది, రక్తం పోవడం తక్కువ, పూర్తయిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇన్ఫెక్షన్, చాలా అరుదుగా గర్భసంచికి గాయం కావడం దీని ఇబ్బందులు. సిజేరియన్ అయిందని ముందే చెప్పండి. ‘సక్షన్ చేస్తారా, గీకి తీస్తారా’ అని కూడా అడగండి. గీకే పాత పద్ధతి వద్దని, సక్షన్ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది.

పన్నెండు దాటేదాకా ఆగితే చట్టం ఇంకా మీ పక్కనే ఉంటుంది, ఆసుపత్రులు మాత్రం తగ్గిపోతాయి. అడ్మిట్ కావాలి, నొప్పులు ఎక్కువ, ఇంట్లో చెప్పక తప్పదు. 20 అన్నది కాగితం మీది గడువు. చేతికందే గడువు 12 అనుకోండి.

బిడ్డను ఉంచుకోవడం కూడా దారే. మనసు గట్టిపడలేదని రాశారు కాబట్టి దీన్ని పక్కకు నెట్టను. ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి రెండేళ్లు ఆగడం మంచిదంటారు, మీకు ఏడాదే అయింది. సిజేరియన్ కుట్టు మీద ఒత్తిడి కాస్త ఎక్కువ, రక్తహీనత ఇంకా పెరుగుతుంది. భయపడాల్సిందేమీ లేదు, కానీ ఇప్పుడే పేరు నమోదు చేయించుకుని, ఐరన్, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి. ఒకవేళ మీరు ఉంచుకుంటానంటే, వద్దని ఎవరైనా బలవంతంగా తీయిస్తే అది 89వ సెక్షన్ కింద పదేళ్ల వరకు గానీ యావజ్జీవం గానీ శిక్ష పడే నేరం. సమ్మతి అన్నది రెండు వైపులా మీదే.

ఎవరికైనా తెలుస్తుందా అన్నదానికి వస్తే, మీ పేరు, వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. చెప్పిన డాక్టరుకు ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ఆసుపత్రి రిజిస్టరు కూడా రహస్య పత్రమే. ఆచరణలో గుట్టు బయటపడేది ఆసుపత్రి నుంచి కన్నా ఇంట్లో వదిలిన బిల్లు, ఫోన్‌కు వచ్చిన మెసేజ్ నుంచే. మీ సొంత నంబరే ఇవ్వండి. డిశ్చార్జి కాగితం మాత్రం పారేయకండి, రేపు ఏదైనా తేడా వస్తే చూసే డాక్టరుకు అది కావాలి. ఉద్యోగం చేస్తున్నట్టయితే, ప్రసూతి ప్రయోజనాల నిబంధనల్లో అబార్షన్ తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవుందని తెలుసుకోండి. దానికి ఆఫీసులో రుజువు చూపాలి, అంటే అక్కడ ఒకరికి తెలుస్తుంది. గుట్టు ముఖ్యమైతే మామూలు సెలవు పెట్టుకోవడమే మేలు.

మీవారికి చెప్పాలా? చట్టం చెప్పమనదు. ఉత్తరంలో ఆయన గురించి చెడుగా ఒక్క మాటా లేదు, మీ భయం ఆయన తల్లికి చెప్పేస్తారన్నదే. అలాగైతే స్కానింగ్ అయ్యాక, ఎన్ని వారాలో తెలిశాక, మీ ఆలోచన ఇదని చెప్పి, ఇది మనిద్దరి మధ్యే ఉండాలని అడగడం నాకు సబబనిపిస్తుంది. ‘ఏం చేద్దాం’ అని అడగడం వేరు, ‘నా ఆలోచన ఇది, మీరేమంటారు’ అనడం వేరు. చెబితే కొడతారో, పాపను లాక్కుంటారో అనే భయం ఏ మూలనైనా ఉంటే మాత్రం చెప్పకండి. ఆ పరిస్థితే వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఏ దారి పట్టినా తర్వాతి జాగ్రత్త ఆ రోజే మాట్లాడుకోండి. రెండు వారాల్లోనే మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉంది, నెలసరి కోసం ఆగకూడదు. సక్షన్ అయితే అదే రోజు కాపర్-టి వేయించుకోవచ్చు, ఆయన మళ్లీ సెలవుకు వచ్చేదాకా ఆలోచించుకునే పనీ ఉండదు. మాత్రలైతే పూర్తయిందని తేలాక వేస్తారు. మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ప్రభుత్వ ఆసుపత్రిలోనూ భర్త సంతకం అడిగితే వాదన పెట్టుకుని తిరిగి రాకండి. ‘కుదరదన్న కారణం కాగితం మీద రాసివ్వండి’ అని అడగండి, చాలాసార్లు అక్కడే పని జరుగుతుంది. కాకపోతే సూపరింటెండెంటును, తర్వాత జిల్లా వైద్యాధికారిని కలవండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ లాయరు ఉచితం, ఫోన్ నంబరు 15100. హైకోర్టుకు వెళ్లాలని ఎవరైనా భయపెడితే నమ్మకండి, 20 వారాల లోపు ఏ కోర్టు అనుమతీ అవసరం లేదు. ఈ తిరుగుళ్లకు వారం కన్నా ఎక్కువ ఇవ్వకండి. అది తేలకపోతే పక్క జిల్లా ఆసుపత్రికి వెళ్లండి, ఏ జిల్లావారైనా ఎక్కడైనా చేయించుకోవచ్చు. స్కానింగ్ మాత్రం వీటన్నిటికన్నా ముందు, వీలైతే రేపే.